పటంలో నేను దాటేసిన కొమ్మ

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, జులై నెలలో, ఒక రిపోర్టు మీద "క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్, చిటుక రోగం" అని రాసి సంతకం పెట్టాను. ఆ పేరు రాయడానికి ముందు నేను మైక్రోస్కోపు దగ్గర కూర్చున్నది పది నిమిషాలు. పేరు తప్పు. నాతోబాటు ఆ తప్పును ఒక గొర్రెల మంద మోసింది, ఆ మంద వెంట తిరిగే పద్దెనిమిదేళ్ల కుర్రాడు మోశాడు. ఈమధ్య నా దగ్గరికి శిక్షణకు వచ్చిన ఒక అమ్మాయి అచ్చం అప్పటి నాలాగే స్లైడు చూసిన అరనిమిషానికి పేరు చెప్పేసింది. ఆమెకు నోటితో చెప్పినదాన్నే ఇక్కడ రాస్తున్నాను.

పశువైద్య కళాశాలలో చదివేటప్పుడు సూక్ష్మజీవశాస్త్రమంటే నాకు ఒక పటం. హాస్టల్ గదిలో మంచం పక్క గోడకు అంటించుకున్నాను. పైన మొదటి కొమ్మ గ్రామ్ రంగు. ఊదా నిలిస్తే పాజిటివ్, ఎరుపెక్కితే నెగటివ్. దాని కింద ఆకారం: గుండ్రటివి, కడ్డీలు. ఊదా కడ్డీల్లో మళ్లీ స్పోర్లు కట్టేవి, కట్టనివి. స్పోర్లు కట్టేవాటిలో గాలిలో పెరిగేవి బ్యాసిల్లస్, గాలి గిట్టనివి క్లాస్ట్రీడియం. కళ్లు మూసుకుని చదివేదాన్ని. పరీక్షల్లో మార్కులు బాగా వచ్చాయి. అందువల్ల ఆ పటం నాకు వచ్చేసిందనుకున్నాను.

రాలేదనడానికి మొదటి గుర్తు మూడో ఏడులోనే కనిపించింది. పొదుగువాపు వచ్చిన గేదె పాలతో ప్రాక్టికల్ పరీక్ష. స్లైడు మీద ఊదా రంగు వేసి, అయోడిన్ పోసి, స్పిరిట్‌తో కడిగేటప్పుడు ఎవరో ఏదో అడిగితే తల తిప్పాను. నాలుగైదు సెకన్లు ఎక్కువ పట్టింది. ఆ తర్వాత వేసిన ఎర్ర రంగు గుండ్రటి కణాలన్నిటికీ పట్టేసింది. గ్రామ్ నెగటివ్ కోకై అని రాశాను. మా ప్రొఫెసర్ నా కాగితం చూసి ఒక్కటే అడిగారు: "ఇదే స్లైడు మీద పక్కన నీకు తెలిసిన బ్యాక్టీరియాను కూడా పెట్టి రంగు వేశావా?" లేదన్నాను. ఆయన 3 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కలో అదే కల్చర్‌ను లూప్‌తో కలిపి పైకెత్తి చూపించారు. గ్రామ్ నెగటివ్ అయితే గోడలు పగిలి, లోపలి డీఎన్ఏ బయటికొచ్చి, జిగురు తీగలా సాగుతుంది. అది సాగలేదు. అవి స్టాఫైలోకాకస్‌లు. నేను చూసిన ఎరుపు బ్యాక్టీరియాది కాదు, నా చేతిలోని స్పిరిట్‌ది. ఆ రోజు తల వంచుకుని బయటికొచ్చాను గానీ, దాన్ని చేతి పొరపాటుగానే జమకట్టుకున్నాను. ఆలోచనలోని పొరపాటు అది కాదనుకున్నాను.

హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ 1884లో ఈ రంగు పద్ధతిని ప్రచురించినప్పుడు ఆయనకు బ్యాక్టీరియాను రెండు జాతులుగా చీల్చాలన్న ఉద్దేశమే లేదు. బెర్లిన్‌లో న్యుమోనియాతో చనిపోయినవారి ఊపిరితిత్తుల పొరల్లో బ్యాక్టీరియా విడిగా కనబడాలని తంటాలు పడుతున్న డెన్మార్క్ డాక్టరు ఆయన. కొన్నిటికి రంగు నిలిచింది, కొన్నిటికి పోయింది. కణపు గోడ మందం వల్లే అలా జరుగుతుందని చాలాకాలం తర్వాత తెలిసింది. అంటే ఆ రంగు ఒక ప్రశ్నకు మాత్రమే జవాబిస్తుంది: గోడ ఎలాంటిది? నేను మాత్రం దాన్ని అన్ని ప్రశ్నలకూ జవాబు చెప్పమన్నాను.

జులై సంగతికి వస్తాను. రాయలసీమలో ఒక జిల్లా పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాల. తొలకరి పడి మూడు వారాలైంది, బీళ్లలో పచ్చిక లేచింది. మధ్యాహ్నం రెండు దాటాక ఒక పెద్దాయన భుజాన కంబళితో వచ్చాడు. ఆయన వెంట వాళ్ల ఊరి పశువైద్యశాల సహాయకుడు, చేతిలో కాగితంలో చుట్టిన రెండు రక్తపు స్లైడ్లు.

"ఏమైంది పెద్దాయనా?" అన్నాను.

"చిటుకమ్మా. సందకాడ బాగా మేసొచ్చినాయి. తెల్లారేసరికి మూడు పడుండాయి. బాగా బలిసిన జీవాలే పాయె."

బలిసిన జీవాలు, తొలకరి పచ్చిక, రాత్రికి రాత్రి చావు. చిటుక గురించి పుస్తకం చెప్పేదీ అదే. క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్‌లో డి రకం గొర్రె పేగుల్లో ఒక్కసారిగా పెరిగి ఎప్సిలాన్ అనే విషాన్ని వదులుతుంది. కొత్త పచ్చిక మేసిన మందల్లో ఏటా చూసేదే. ఆయన నోటి నుంచి "చిటుక" అన్న మాట వినబడగానే నా పని సగం అయిపోయినట్టు అనిపించింది.

"కోశారా?"

"కోయకుంటే ఎట్లమ్మా? తోలన్నా దక్కాల గదా."

ఇంకేమీ అడగలేదు. స్లైడు తీసి గ్రామ్ రంగు వేశాను. ఈసారి స్పిరిట్ దగ్గర తల తిప్పలేదు, పక్కన తెలిసిన బ్యాక్టీరియాను కూడా పెట్టాను. మూడో ఏడులో నేర్చుకున్నదాన్ని తు.చ. తప్పకుండా చేశాను. నూనె చుక్క వేసి 100 రెట్ల లెన్సు దించితే లావుపాటి ఊదా కడ్డీలు, కొన్ని విడిగా, కొన్ని గొలుసుల్లా. గ్రామ్ పాజిటివ్, కడ్డీ, పెద్దది. పేరు రాశాను. రిపోర్టు పట్టుకుని పెద్దాయన దండం పెట్టి వెళ్లాడు. రెండో స్లైడు రంగు వేయకుండానే పెట్టెలో పడింది.

ఆ రిపోర్టు చూసి అక్కడి డాక్టరు గారు మర్నాడే మందకంతా చిటుక టీకా వేశారు. ఆయన తప్పేమీ లేదు. ప్రయోగశాల చెప్పింది, ఆయన చేశారు. తొమ్మిది రోజుల్లో ఇంకో ఏడు గొర్రెలు పోయాయి. టీకా పనిచేయడానికి సమయం పడుతుంది కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

పదో రోజు వాళ్ల మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి ఫోన్. ఒక కుర్రాడి ఎడమ ముంజేతి మీద పుండు. మొదట దోమ కుట్టినట్టు దురద, తర్వాత నీటి పొక్కు, ఇప్పుడు మధ్యలో బొగ్గులా నల్లటి పెచ్చు. చుట్టూ చెయ్యంతా వాచింది గానీ పుండులో నొప్పి మాత్రం లేదట. "గొర్రె తోలు ఒలిచానంటున్నాడు. మీ దగ్గర ఆ ఊరిది ఏదైనా కేసు ఉందా?" అని ఆ డాక్టరు అడిగారు. పెద్దాయన మనవడే ఆ కుర్రాడు.

నొప్పి లేని నల్లపెచ్చు. వైద్యం చదివినవాళ్లెవరికైనా ఆ రెండు మాటలు చాలు. ఆంత్రాక్స్ అన్న పేరే గ్రీకు భాషలో బొగ్గు అన్న మాట నుంచి వచ్చింది. మన పల్లెల్లో దాన్ని దొమ్మ అంటారు. "దొమ్మ అయ్యుండొచ్చు, ఆలస్యం చేయకండి" అన్నాను. ఆయన అప్పటికే అనుమానించి పెన్సిలిన్ మొదలుపెట్టారు. నా రిపోర్టు చేయలేని పనిని ఆయన అడిగిన ఒక్క ప్రశ్న చేసింది: ఈ మధ్య ఏ పశువును ముట్టుకున్నావు?

ఆ సాయంత్రం అందరూ వెళ్లాక పెట్టెలోంచి రెండో స్లైడు తీశాను. బీరువాలో వెనక వరసలో పాలీక్రోమ్ మెథిలీన్ బ్లూ సీసా ఉంది. మెథిలీన్ బ్లూ ద్రావణాన్ని నెలల తరబడి నిలవ ఉంచితే నెమ్మదిగా మాగి తయారయ్యే రంగు అది. అంత ఓపికగా ఎవరో నాకంటే ముందువాళ్లు మాగబెట్టి వెళ్లారు. స్లైడును స్పిరిట్‌లో ఉంచి గట్టిపరిచి, రంగు వేసి, కడిగి, ఆరబెట్టి చూడటానికి మొత్తం ఐదు నిమిషాలు పట్టలేదు.

నీలంగా, చివర్లు పెట్టెల్లా నలుచదరంగా కోసినట్టున్న కడ్డీలు. రెండేసి, నాలుగేసి, వెదురు కణుపుల్లా. వాటి చుట్టూ చిరిగిన అంచుల గులాబి రంగు పొర. ఆ పొర ఆ బ్యాక్టీరియా తొడుక్కునే కవచం. 1903లో జాన్ మెక్‌ఫేడియన్ అనే పశువైద్యుడు ఈ గులాబి మరకే ఆంత్రాక్స్ గుర్తు అని చూపించాడు. శతాబ్దం దాటినా పశువైద్యుల చేతిలో దీనికంటే తేలికైన పరీక్ష లేదు. ఇంకా చూస్తే, ఆ గొలుసుల మధ్య గులాబి పొర ఏమీ లేని కడ్డీలు కూడా కొన్ని ఉన్నాయి. చచ్చిన గొర్రె పేగుల్లోంచి రక్తంలోకి పాకిన కుళ్లు బ్యాక్టీరియా అవి. చాలామటుకు క్లాస్ట్రీడియాలే. అంటే నేను రాసిన పేరు గలవాళ్లు ఆ స్లైడు మీద నిజంగానే ఉండొచ్చు, కానీ గొర్రెను చంపింది వాళ్లు కాదు. గ్రామ్ రంగు ఇద్దరికీ ఒకే ఊదా చీర కట్టింది. నేను చీర చూసి మనిషిని గుర్తుపట్టాననుకున్నాను.

ఇంకో విషయం కూడా అప్పుడే తట్టింది. మొదటి స్లైడు కడిగిన నీళ్లన్నీ మామూలు సింకులోకి వదిలాను. బల్ల తుడిచే మా అటెండరు ఆ పదిరోజులూ ఒట్టి చేతులతో తుడిచాడు. మా ఇద్దరికీ ఏమీ కాలేదు. నా జాగ్రత్త వల్ల కాదు. ఆ రాత్రే సింకునూ బల్లనూ బ్లీచింగ్ ద్రావణంతో కడిగాను.

ఇంటికెళ్లి ఆ పాత పటాన్ని మళ్లీ గుర్తుచేసుకున్నాను. ఊదా, కడ్డీ, స్పోర్లు కట్టేవి. అక్కడిదాకా నేను సరిగ్గానే దిగాను. బ్యాసిల్లస్‌కూ క్లాస్ట్రీడియానికీ మధ్య మిగిలిన కొమ్మ ఏమిటి? గాలి. గాలిలో పెరుగుతుందా, పెరగదా? స్లైడు మీద అది కనబడదు. ఎంత మంచి మైక్రోస్కోపుకైనా కనబడదు. ఆ ప్రశ్న అడగాలంటే బ్లడ్ అగార్ మీద వేసి ఒకరోజు ఆగాలి, లేదా దానికి బదులుగా కవచాన్ని అడిగే రంగు వేయాలి. నేను రెండూ చేయకుండా కొమ్మ మీంచి దూకి ఆకు పేరు చెప్పాను. ఆ దూకుడుకు ఊతమిచ్చింది పెద్దాయన అన్న "చిటుక" అనే మాట. ఆయన తనకు తెలిసిన పేరు చెప్పాడు, ఆ పని ఆయన చేయొచ్చు. దాన్ని పరీక్షించాల్సినదాన్ని నేను.

ఆ గాలి అన్న మాట నన్ను ఇంకా లోపలికి తీసుకెళ్లింది. దొమ్మ అనుమానం ఉన్న పశువును కోయకూడదని ప్రతి పశువైద్య విద్యార్థీ బట్టీపడతాడు. ఎందుకు? బతికున్న పశువులో, కోయని కళేబరంలో ఆంత్రాక్స్ కడ్డీలు స్పోర్లు కట్టవు. దానికి వాటికి గాలి తగలాలి. కోయకుండా వదిలేస్తే లోపల గాలి గిట్టని కుళ్లు బ్యాక్టీరియా పెరిగి, ఎండాకాలం వేడిలో రెండు మూడు రోజుల్లో ఆంత్రాక్స్ కడ్డీలను తుడిచిపెట్టేస్తాయి. కోస్తే రక్తం నేలమీద పడుతుంది, గాలి తగులుతుంది, కడ్డీలు స్పోర్లవుతాయి. ఇక ఆ నేలను అవి దశాబ్దాలపాటు వదలవు. స్కాట్లండ్ దగ్గర గ్రూనార్డ్ అనే చిన్న దీవిలో బ్రిటిష్ ప్రభుత్వం 1942లో గొర్రెల మీద ఆంత్రాక్స్ బాంబులు పరీక్షించింది. 1986లో 280 టన్నుల ఫార్మాల్డిహైడ్ ద్రావణాన్ని సముద్రపు నీళ్లలో కలిపి ఆ నేలను తడిపారు. మనుషులు తిరగొచ్చని 1990లో గానీ ప్రకటించలేకపోయారు.

పటంలో రెండు జాతులను విడదీసే కొమ్మా, పొలంలో కత్తిని ఆపే నియమమూ ఒకటే విషయం. గాలి. నేను మొదటిదాన్ని పరీక్ష కోసం, రెండోదాన్ని ఉద్యోగం కోసం విడివిడిగా బట్టీపట్టాను. రెంటినీ కలిపి ఒక్కసారి ఆలోచించి ఉంటే, "కోశారా?" అని అడిగిన నేను ఆ వెంటనే "రక్తం ఎట్లా ఉంది?" అని కూడా అడిగేదాన్ని.

రాబర్ట్ కోహ్ అనే జర్మన్ వైద్యుడు 1876లో ఈ స్పోర్లు కట్టడాన్ని కళ్లారా చూశాడు. అప్పటికి ఆయన ఊళ్లో రోగులను చూసుకునే జిల్లా డాక్టరు, ఇంట్లోనే ప్రయోగాలు. ఎద్దు కంటిలోని నీటి చుక్కలో కడ్డీలు సాగి దారాలై, ఆ దారాల్లో పూసల్లా స్పోర్లు మెరవడం గమనించాడు. అంతకు ముందు ఫ్రాన్సులో జరిగిన ఒక వాదం చదివినప్పుడు మాత్రం నేను చాలాసేపు పుస్తకం మూయలేకపోయాను. దొమ్మకు కారణం రక్తంలోని కడ్డీలేనని 1863లో దావెన్ అనే వైద్యుడు అన్నాడు. కాదని లెప్లా, జయార్ అనే ఇద్దరు వాదించారు. దొమ్మతో చచ్చిన ఆవు రక్తాన్ని కుందేళ్లకు ఎక్కిస్తే కుందేళ్లు చచ్చాయి, కానీ వాటి రక్తంలో దావెన్ చెప్పిన కడ్డీలు లేవు. ఏళ్ల తర్వాత, 1877లో పాశ్చర్ ముడి విప్పాడు. ఆ రక్తం తాజాది కాదు. అప్పటికే కుళ్లడం మొదలైంది. కుందేళ్లను చంపింది ఆంత్రాక్స్ కాదు, కుళ్లులోంచి వచ్చిన, గాలి గిట్టని వేరే బ్యాక్టీరియా. ఇప్పుడు దాన్ని క్లాస్ట్రీడియం సెప్టికమ్ అంటున్నాం. వాళ్లు క్లాస్ట్రీడియం చేసిన చావును దొమ్మ అనుకున్నారు, నేను దొమ్మ చావును క్లాస్ట్రీడియం అనుకున్నాను. వాళ్లకు క్లాస్ట్రీడియం అనే జాతి ఒకటుందని తెలిసే కాలం కాదు. నాకు ఆ సాకు లేదు.

మర్నాడు ఉదయం రెండో రిపోర్టు రాయడానికి కూర్చున్నాను. నిజం చెప్పాలి, కొత్త నంబరుతో, కొత్త నమూనా అన్నట్టు రాసేద్దామా అన్న ఆలోచన వచ్చింది. అప్పుడు పాతది ఎవరూ పట్టించుకోరు. కాసేపు ఆ ఆలోచనతోనే ఉన్నాను. ఆసుపత్రిలో ఉన్న కుర్రాడి చెయ్యి గుర్తొచ్చింది. "పాత రిపోర్టు తప్పు. కవచపు రంగు వేయకుండా పేరు రాశాను. దీని ప్రకారం చర్య తీసుకోండి" అని మొదటి వాక్యంగానే రాశాను. ఎండిన రక్తపు నమూనాను మూడు పొరల్లో భద్రంగా కట్టి పెద్ద ప్రయోగశాలకు పంపాం. కొన్ని రోజులకు అక్కడి నుంచి కూడా బ్యాసిల్లస్ ఆంత్రాసిస్ అనే వచ్చింది.

రెండో రిపోర్టు రాసిన రోజే ఆ ఊరికెళ్లాం. జ్వరం ఉన్నవాటికి పెన్సిలిన్, మిగతావాటికి దొమ్మ టీకా. ఇది బతికున్న స్పోర్ల టీకా గనుక పెన్సిలిన్ పడిన జీవాలకు కొన్నాళ్లు ఆగి గానీ వేయలేం. 1930ల్లో దక్షిణాఫ్రికాలో మాక్స్ స్టెర్న్ తయారుచేసిన రకం ఇది. ఇది కవచం కట్టలేదు. నేను స్లైడు మీద వెతకని ఆ గులాబి పొరే దీనిలో లోపించినది, అది లోపించినందుకే ఇది చంపకుండా కాపాడుతుంది. కోసిన చోటు చూపించమని పెద్దాయనను అడిగాను. వేపచెట్టు కింద. అక్కడ మట్టి తీయించి, కాల్పించి, చుట్టూ ముళ్లకంప వేయించాం.

"రిపోర్టు నాదే పెద్దాయనా. తప్పు రాశాను" అన్నాను, ఊళ్లోవాళ్లు పదిమంది ఉండగానే.

ఆయన వెంటనే ఏమీ అనలేదు. చుట్ట తీసి, వెలిగించకుండా చేతిలోనే పెట్టుకున్నాడు. "రగతం తారు మాదిరుండె. గడ్డే కట్టల్యా. ముక్కులో గూడా కారుండె" అన్నాడు. "నువ్వు అడగల్యామ్మా."

కోపం లేదు ఆ మాటలో. ఉంటే బాగుండేదనిపించింది. గడ్డకట్టని తారులాంటి రక్తం దొమ్మకు మొదటి గుర్తు. అది ఆయన కళ్లలో ఉంది, నా పక్కనే నిలబడి ఉంది, నేను లెన్సులోకి చూస్తూ ఉన్నాను.

అప్పటి నుంచి నా రిపోర్టులు పొడుగయ్యాయి. ఏం చూశానో ఒక వరస, ఏ పరీక్ష చేశానో ఒక వరస, ఏది చేయలేదో ఒక వరస. "పెద్ద గ్రామ్ పాజిటివ్ కడ్డీలు, గొలుసుల్లో. కవచపు రంగు వేయలేదు. దొమ్మ కాదని చెప్పలేను." పొలంలో ఉన్న డాక్టరుకు జాతి పేరు కంటే ఈ మూడో వరసే పనికొస్తుంది, ఎందుకంటే కత్తి పట్టాలా వద్దా అని ఆయన అప్పటికప్పుడు తేల్చుకోవాలి. చిటుక అని పేరు పెట్టాలన్నా పేగులో బ్యాక్టీరియా కనబడితే సరిపోదు, ఆరోగ్యంగా ఉన్న గొర్రె పేగుల్లో కూడా అది ఉంటుంది. విషం దొరకాలి. మూత్రంలో చక్కెర, మెత్తబడిన మూత్రపిండం లాంటి సాక్ష్యాలు తోడు రావాలి.

పేర్ల మీద నాకున్న మోజు కూడా తగ్గింది. నేను చదివిన పాశ్చురెల్లా హీమోలైటికా 1999లో మాన్‌హీమియా అయింది. క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్ ఎ నుంచి ఇ దాకా ఐదు రకాలని నేర్చుకున్నాను, 2018లో అవి ఏడయ్యాయి. పేరు మారినప్పుడల్లా ఎవరో ఒక కొత్త ప్రశ్న అడిగారని అర్థం. ఒక్కోసారి ఆ ప్రశ్న చాలా సన్నది. ఆంత్రాక్స్ బ్యాక్టీరియానూ, అన్నం పాడైతే వాంతులు తెప్పించే బ్యాసిల్లస్ సీరియస్‌నూ, మన రైతులకు బీటీ పత్తి పేరుతో తెలిసిన బ్యాసిల్లస్ తురింజియెన్సిస్‌నూ జన్యువుల్లో పోల్చి చూస్తే ఒకే జాతి అనేంత దగ్గర. చంపేదానికీ మిగతావాటికీ తేడా ఎక్కువగా రెండు చిన్న డీఎన్ఏ వలయాల్లో ఉంది: ఒకటి విషానికి, ఒకటి కవచానికి. పత్తి చేనుకు మేలు చేసే జన్యువూ, చేను గట్టున మేస్తున్న గొర్రెను చంపే సూక్ష్మజీవీ ఒకే కుటుంబం నుంచి వచ్చాయంటే, ఊదా కడ్డీ అన్న ఒక్క ఆనవాలుతో పేరు రాయడం ఎంత ప్రమాదమో శిక్షణకు వచ్చిన ఆ అమ్మాయికి చెప్పాను. ఆమె ఆ స్లైడును మళ్లీ లెన్సు కింద పెట్టింది.

మరుసటి ఏడు మే నెలలో, వానలకు ముందే, దొమ్మ టీకా పట్టుకుని ఆ ఊరికి వెళ్లాను. కుర్రాడు ఒక్కో గొర్రెనూ మోకాళ్ల మధ్య బిగించి పట్టుకున్నాడు. ముంజేతి మీద రూపాయి బిళ్లంత మచ్చ, కాస్త లోపలికి గుంటపడి. పెద్దాయన దగ్గరికొచ్చి ఐస్ డబ్బాలోని సీసాను వేలితో చూపించాడు.

"ఇది చిటుకదా, దొమ్మదామ్మా?"

సీసా తీసి, పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ మూడూ ఆయనకు వినబడేలా చదివాను. ఇంకోసారి చదవమన్నాడు. చదివాను.